యానినా సొరబుర్ర

యానినా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తీగ ఉండేది. సొంతూరు సాల్తోలో నాన్న లారీల కరెంటు పని చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. రాజధాని మాంటెవిడియోలో కళల కాలేజీలో చేరాక కూడా రంగుల జోలికి పెద్దగా పోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు చెయ్యి వేస్తేనే కదిలేవి, పలికేవి చేయాలన్నది ఆమె పిచ్చి.

ఆఖరి ఏడాది ప్రదర్శనకు మాతే అనే ఆకుటీ తాగే సొరబుర్రకు తీగలు బిగించింది. జనం చుట్టూ కూర్చుని ఒకే బుర్రలోంచి వంతులవారీగా తాగుతారు. బుర్రలోంచి పీల్చి తాగే వెండి గొట్టాన్ని తిప్పితే హాల్లో దీపాలు వెలిగి సంగీతం మోగుతుంది. గ్లాదిస్ టీచర్ ముందే తేల్చి చెప్పింది: "జనం చెయ్యి పెట్టకపోతే, నువ్వెంత తెలివిగా చేసినా ఫెయిలే అమ్మాయ్. సాయంత్రం వచ్చి చూస్తా."

జనం వచ్చారు, తాగారు, బాగుందన్నారు. గొట్టాన్ని మాత్రం వెంట్రుకవాసి కూడా కదపలేదు. 'తిప్పండి' అని గోడమీద రాసిపెట్టినా, చదివి నవ్వుకుని, బుర్రను పదిలంగా తిరిగిచ్చారు. యానినాకు ఏడుపొక్కటే తక్కువ.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు స్నేహితుడు బ్రౌలియో. "ఒకరు పోసిచ్చిన మాతేలో గొట్టం తిప్పుతారా ఎవరైనా? మా అమ్మమ్మ చూస్తే చెయ్యి విరగ్గొడుతుంది!"

నిజమే. ఆ మాట తనూ పుట్టినప్పటి నుంచీ విన్నదే. గదిలో తలుపేసుకుని, మాతే లేని సొరబుర్రతో పరీక్షించుకున్న పిల్లకు అది తట్టలేదు. మర్యాద తెలిసిన జనాన్ని తప్పుపట్టి ఏం లాభం?

అంతలో ఒడిలోన్ అనే ముసలాయన బుర్ర చేతపట్టుకుని, తాగడం మానేసి, తన పాత పడవ సంగతి ఎత్తుకున్నాడు. ఎంతకీ బుర్ర దించడే! పక్కన వంతు కోసం చూస్తున్న ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"తాగి ఇటివ్వు తాతా! అదేం మైకు కాదు!"

బుర్ర వదలనివాళ్ల మీద అక్కడ ఇంటింటా రోజూ విసిరే ఎత్తిపొడుపే అది. అందరూ నవ్వారు. యానినా మాత్రం చటుక్కున లేచింది.

"ఎవరూ వెళ్లకండి, కాసేపు ఓపిక పట్టండి" అంటూ గొట్టానికున్న తీగలన్నీ పీకేసింది. బుర్ర అడుగున, బయటివైపు, చిన్న మైకు అతికించింది. దాన్ని దీపాలకూ పైకప్పు స్పీకర్లకూ కలిపింది.

"ఇప్పుడు చెప్పు తాతా, ఆ పడవ ఏమైంది?"

ఒడిలోన్ గొంతు హాలంతా మోగింది. మాట మాటకూ దీపాలు వెలిగాయి. ఇక చూడాలి! ఇందాక కసిరిన ఆవిడే బుర్ర లాక్కుని కోడలి మీద చాడీలు మొదలుపెట్టింది. ఆమె వదిలితే కదా మరొకరికి దక్కేది! యానినా ఫ్లాస్కులోంచి నీళ్లు పోస్తూ, ఆ గోల వింటూ, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. అంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

గ్లాదిస్ టీచర్ వచ్చేసరికి ఆమెను పట్టించుకున్న నాథుడు లేడు. కాసేపు నిలబడి వింది. "సరే, పాసయ్యావు పో" అని చెయ్యి చాపింది. "ఇటివ్వు. నాకూ చెప్పుకోవాల్సినవి బోలెడున్నాయి."

"అలా కుదరదు టీచర్! వెళ్లి చివర కూర్చోండి. వంతు వచ్చినప్పుడు ఇస్తా!"

తన కసురే పైకప్పు నుంచి వినపడేసరికి యానినా అదిరిపడింది. నీళ్లు పోయడానికి అందుకున్న బుర్ర తన చేతిలోనే ఉంది. హాలంతా గొల్లుమంది. గ్లాదిస్ టీచర్ వెళ్లి చివర కూర్చుంది.