ఎవరితో కొట్లాడినవ్, పెద్దమ్మా?

మిర్యాలగూడలో బస్సు దిగగానే ముక్కుకు తగిలేది మిల్లుల్లో ఉడుకుతున్న వడ్ల వాసన. నా ముక్కు దానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. ఇవాళ మాత్రం ఊరి చివర వృద్ధాశ్రమం గేటు తీయగానే ఆ వాసనను పక్కకు నెట్టి ఫినాయిల్ వాసన వచ్చింది. అది రోజూ వాడే ఫినాయిల్ కాదు, మేం వస్తున్నామని ముందే కబురందిన ఫినాయిల్. నేల ఇంకా ఆరలేదు. నా చెప్పుల ముద్రలు నా వెనకే వరుసగా వస్తుంటే దొంగలా మెల్లగా నడిచాను. అప్పుడు అనసూయ మేడం గుర్తొచ్చారు. ఆమె ఉంటే ఒక తుమ్ము తుమ్మి, "మనమంటే మస్తు మర్యాద ఉన్నట్టున్నదయ్యా వీళ్ళకు, నేలకు గూడ స్నానం పోసిన్రు" అనేవారు.

సూర్యాపేటలో ఉన్న మా ట్రస్టు చిన్నది. చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు సాయం చేస్తుంది. సాయం అందుకునే చోట ముసలివాళ్ళను ఎలా చూసుకుంటున్నారో చూసి రావడం మా ఉద్యోగం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య బస్సుల్లో తిరిగి నా జుట్టు సగం ఊడింది. మిగతా సగం రిపోర్టులు రాయడంలో పోయింది. అనసూయ మేడం నా పై అధికారి. వాళ్ళది గరిడేపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం చేతకాక ట్రస్టులో చేరారు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీల ఉంటి" అని ఊరుకునేవారు. పొట్టి మనిషి. నూలు చీర, చేతిలో గొడుగు. ఆ గొడుగు తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. దానితో మంచాల కింద పొడిచి చూసేవారు. నేనేమో సోషల్ వర్క్‌లో పీజీ పట్టా, కొత్త తోలు చెప్పులు వేసుకుని చేరాను. ముందు చెప్పులు అరిగాయి. పీజీ అరగడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఆమెతో నేను చూసిన మొదటి ఆశ్రమం కూడా ఈ ఊళ్ళోనే ఉండేది. ఇప్పుడు లేదు. మేం వెళ్ళేసరికి ముసలివాళ్ళందరినీ స్కూలు ఫొటోకు కూర్చోబెట్టినట్టు వరుసగా కూర్చోబెట్టారు. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు. నేను ఒక్కొక్కరినీ "అన్నం బాగుందా? మందులు ఇస్తున్నారా?" అని అడుగుతూ పోయాను. అందరూ దండం పెట్టి "మంచిగున్నది బిడ్డా" అన్నారు. నాకు ముచ్చటేసింది. మేడం మాత్రం ఒక ముసలమ్మ పక్కన నేల మీద చతికిలబడి, కాసేపు ఆమె పొలం గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడి, ఉన్నట్టుండి అడిగారు.

"ఈడ ఎవరితో కొట్లాడినవ్, పెద్దమ్మా?"

ముసలమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు గుమ్మం వైపు పోయాయి. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

"మా దగ్గర కొట్లాటలుండయ్ మేడం," అన్నాడతను గర్వంగా. "అందరం ఒక్క కుటుంబం లెక్క ఉంటం."

"కుటుంబమంటున్నవ్, కొట్లాటల్లేవంటున్నవ్," అన్నారు మేడం లేస్తూ. "రెండిట్ల ఏదో ఒకటే చెప్పు నాయనా."

తిరుగు బస్సులో నేను అడిగాను. అంతా శుభ్రంగా ఉంది, మంచాలు ఉన్నాయి, మందులు ఉన్నాయి, ఇంకేం కావాలి మేడం అన్నాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. జవాబు రాదనుకుని నేను కునుకు తీయబోతుంటే వచ్చింది.

"నీ ఇంట్ల నువ్వు కూరల ఉప్పు లేదని ఎందుకు అరుస్తవ్?"

"ఉప్పు లేదు కాబట్టి."

"కాదయ్యా. అరిసినా పొద్దుమీకి మల్ల అన్నం పెడ్తరని నీకు ధైర్యం. గా ధైర్యం లేనోళ్ళకు అన్నీ మంచిగనే ఉంటయ్. ఉప్పు లేకున్నా మంచిగనే ఉంటది."

ఆ తర్వాత ఆమె నిద్రపోయారు. నాకు మాత్రం సూర్యాపేట దాకా నిద్ర పట్టలేదు.

కోదాడ ఆశ్రమం దీనికి పూర్తిగా ఎదురు. గోడకు పగుళ్ళు, సున్నం పెచ్చులు. లోపలికి అడుగు పెట్టగానే ఒక ముసలాయన పళ్ళెం పట్టుకుని మా మీదికే వచ్చాడు. ఆ రోజు కూడా సొరకాయే వండారట. వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు కిటికీ పక్క కుర్చీ కోసం ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకుంటున్నారు. అక్కడ అందరినీ చూసుకునే కోటేశ్వరమ్మ గరిటె పట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఏమాత్రం కంగారు పడలేదు.

"రోజూ ఇదేనండీ," అంది. "ఈ తాతగారు నిన్న నన్ను నానా మాటలూ అని, అలిగి వెళ్ళి పడుకున్నారు. మూడుసార్లు బతిమాలితే గానీ అన్నానికి రాలేదు. వచ్చాక రెండోసారి పెట్టించుకున్నారనుకోండి, అది వేరే సంగతి."

"బతిమాలకపోతే ఏమైతుండె?" అన్నారు మేడం.

కోటేశ్వరమ్మ ఆమెను వింతగా చూసింది. "బతిమాలకపోతే ఎలాగండీ? ఆకలితో పడుకుంటారు కదా."

మేడం గొడుగు మూలన పెట్టి, పీట లాక్కుని, సొరకాయ విషయంలో ముసలాయన పక్షం వహించారు. ఆ రోజు రిపోర్టు నేనే రాశాను. పగుళ్ళ గురించి కూడా రాశాను. గోడకు సిమెంటు ఇప్పిస్తే చాలు, లోపల మరమ్మతు ఏమీ అక్కర్లేదని మేడం చివర ఒక వాక్యం చేర్చారు.

అలా చాలా ఏళ్ళు తిరిగాం. తర్వాత ఆమెకు కంటిచూపు తగ్గింది. ట్రస్టు మానేసి సూర్యాపేటలోనే ఒక కిరాయి ఇంట్లో ఉన్నారు. ఒకరోజు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక లేచి నడవడానికి మనిషి సాయం తప్పనిసరి అయింది. ఆమె తమ్ముడి కొడుకు రమేశ్ మంచివాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, ఇంట్లో పగలు ఎవరూ ఉండరు. అందుకని ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక హోంలో చేర్చాడు. లిఫ్టు, ఏసీ, మంచానికో బెల్లు. జీవితమంతా ఇతరుల మంచాల కింద గొడుగుతో పొడిచిన మనిషి ఒక మంచం మీదికి చేరారు.

నేను చూడ్డానికి వెళ్ళాను. పలకరింపుకే వెళ్ళానని అనుకున్నాను గానీ అలవాటు పోతుందా? దుప్పటి చూశాను, శుభ్రంగా ఉంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. మడమల దగ్గర చర్మం చూశాను, పుండ్లు లేవు. నీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో నిండుగా ఉంది. మా ఫారంలో ఉన్న అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టేయొచ్చు.

"ఎట్లున్నది మేడం ఈడ?"

"మంచిగున్నదయ్యా."

ఆ మాట నేను చాలా ఆశ్రమాల్లో విన్నాను. కాసేపు కుశలప్రశ్నలు వేశాను. చివరికి నవ్వుతూనే, సరదాకు అడిగినట్టు అడిగాను. "ఎవరితో కొట్లాడిన్రు మేడం?"

ఆ చూపు మసకబారిన కళ్ళు గుమ్మం వైపు పోయాయి. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించే మాట్లాడారు. "ఈడ అందరు మంచోళ్ళే శ్రీధరూ."

ఆమె పెదవులు ఎండి, తోలు లేచి ఉన్నాయి. గ్లాసు వైపు చూశాను. నీళ్ళ మీద సన్నగా దుమ్ము తేలుతోంది.

"నీళ్ళు తాగుతలేరా?"

దుప్పటి అంచు సర్దుకుంటూ అన్నారు. "తాగితే లేవాలె. లేవాలంటే బెల్లు కొట్టాలె. కొడితే ఆ డ్యూటీ పిల్ల వస్తది. ఏమనదయ్యా, పాపం. తిట్టదు. ఉస్సురుమంటది, అంతే. తిట్టినా బాగుండు, నేనూ తిడుదును." కొంచెం ఆగి, తనకు తనే చెప్పుకున్నట్టు అన్నారు. "నీళ్ళు తక్కువ తాగితే ఏమైతదో నాకు ఎరుకే. నర్సును గద."

బయటికొచ్చి రమేశ్‌కు ఫోన్ చేశాను. కోదాడకు మారుద్దామన్నాను. అతను నొచ్చుకున్నాడు.

"అన్నా, గీడ ఏం తక్కువున్నది చెప్పు. ఆ కోదాడది నేను సూసిన. గోడలు పడేటట్టున్నయ్. మా అత్తమ్మను గాడ పడేసిన్నని జనం నన్నంటరు."

జనం ఏమంటారో నాకు తెలుసు. గోడలూ దుప్పట్లూ చూసి నేను కూడా ఏళ్ళ తరబడి అలాంటి రిపోర్టులే రాశాను. కాబట్టి వాదించలేదు. "ఆదివారం ఒక్క పూట అత్తమ్మ పక్కన కూసో రమేశ్. ఏం చెయ్యకు. ఆ గ్లాసును సూడు," అన్నాను. ఆదివారం సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దటి నీళ్ళు గట్లనే ఉన్నయ్," అన్నాడు. తర్వాతి వారం కారు మాట్లాడాడు.

కోదాడలో మేడం వెంటనే కోలుకున్నారని రాయాలని నాకూ ఉంది. జరగలేదు. మొదటిసారి వెళ్తే కోటేశ్వరమ్మ గుమ్మంలోనే ఆపి దిగులుగా చెప్పింది. "దేనికీ మాట్లాడట్లేదండీ. ఏది పెట్టినా బాగుందంటున్నారు. నాకు భయంగా ఉంది." ఆ మాటకు భయపడే మనిషి ఉన్న చోటే మేడంను వదిలి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకుని బస్సెక్కాను. ఆ ధైర్యం దారి మధ్యలో మునగాల దాకానే సరిపోయింది.

ఇంకో నెలకు మళ్ళీ వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గేటు తీస్తుండగానే లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఏందమ్మా ఇది? మజ్జిగనా, గిన్నె కడిగిన నీళ్ళా?"

"మజ్జిగేనండీ. ముందు తాగి, తర్వాత మాట్లాడండి."

"తాగిన. తాగినంకనే అంటున్న. దవాఖానల గ్లూకోజు గూడ ఇంతకన్న చిక్కగ ఉంటది."

"అయితే గ్లాసు ఇటివ్వండి, తీసేస్తాను."

"తీసేసుడేంది? ఇంకో గ్లాసు పొయ్యి. అది గూడ తాగి మల్ల తిడ్త."

నేను లోపలికి వెళ్ళలేదు. వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఆ దెబ్బలాట మజ్జిగ నుంచి పక్కమంచం ఆమె గురక మీదికి, అక్కడినుంచి ఫ్యాను మీదికి పోయింది. ప్రతిదానికీ కోటేశ్వరమ్మ ఎదురు జవాబు చెబుతూనే ఉంది. ఆపాలని నాకు అనిపించలేదు. మెట్టు కాలుతోంది. కళ్ళు చెమర్చాయి, అది ఎండకేనని అనుకున్నాను. అంత ఎండలో అది నమ్మదగిన కారణమే.

మేడం ఆ ఇంట్లోనే, రెండో వేసవి దాటాక పోయారు. రమేశ్ తలకొరివి పెట్టాడు. సొరకాయ ముసలాయన శ్మశానం దాకా వచ్చి, ఆమె తన కుర్చీ లాక్కుందని అందరికీ చెప్పి ఏడ్చాడు. నేను ఆమె గొడుగు అడిగి తీసుకున్నాను. పుల్లలు విరిగిపోయాయి, వానకు పనికిరాదు. దాని అసలు పనికి ఇంకా పనికొస్తోంది.

ఇవాళ మిర్యాలగూడకు కూడా దానితోనే వచ్చాను. నేల ఆరింది. మేనేజరు వెనకే వచ్చి ఒక్కొక్క గదీ చూపించాడు. చివరి గదిలో ఒక ముసలాయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని మోకాళ్ళ గురించి మాట్లాడి, అలసిపోయిన గొంతుతో అదే ప్రశ్న అడిగాను. ఎప్పుడో ఒకసారి ఎవరైనా నవ్వుతూ నలుగురి పేర్లు చెబుతారని నాకు ఆశ. ఆయన కళ్ళు గుమ్మం వైపు పోయాయి.

"అందరు మంచోళ్ళే సార్," అన్నాడు.

మంచం పక్కన గ్లాసులో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"సార్, సూర్యాపేట బస్సు టైమైతున్నది," అని గుర్తు చేశాడు మేనేజరు.

"పోనీయండి," అన్నాను. గొడుగు మూలన పెట్టి కుర్చీ ఆయనకు ఇంకా దగ్గరికి లాక్కున్నాను.