వ్యావహారిక సత్తావాదం, బి సెక్షన్

శ్రీకాకుళంలో మా బీఈడీ కాలేజీలో వ్యావహారిక సత్తావాదం పాఠం అంటే నాదేనని నా ధీమా. పేరుకి నోరు తిరగదు గానీ సంగతి చిన్నదే. ఒక ఆలోచన నిజమా కాదా అని ఆకాశంలో వెతక్కు, దాన్ని నమ్మి నడిస్తే బతుకులో ఏం తేడా వస్తుందో చూడు, అంతే. అమెరికాలో పుట్టిన తత్వం. పుట్టినప్పుడే తగువు కూడా పుట్టింది. మనిషికి మేలు చేసే నమ్మకం నిజమేనని ఒకాయన అంటే, అలాగైతే ఎవడి నిజం వాడిదే అయిపోతుంది, పదిమందీ పరీక్షించి ఒప్పుకోవాలి అని ఇంకొకాయన కోప్పడ్డాడు. ఈ కాలం వాళ్లూ ఆ తగువే లాగుతున్నారు. ఇదంతా ఏటేటా నేను నోట్సు చెప్పి రాయించేదాన్ని. చేస్తేనే చదువు వస్తుందన్న వాక్యం పిల్లల చేత బట్టీ పట్టించేదాన్ని. పరీక్షలో ఆ ప్రశ్నకి నా పిల్లలకి మార్కులు పోయింది లేదు.

కిందటేడు మా అమ్మాయి మా కాలేజీలోనే చేరింది, నా సెక్షన్‌లో కాదు, బి సెక్షన్‌లో. అక్కడ ఆ పాఠం చెప్పేది విజయనగరం నుంచి వచ్చిన కొత్త మేడం. అప్పట్నుంచి ఇంట్లో నాకు అన్నం సయిస్తే ఒట్టు. మేడం ఇలా అన్నారు, మేడం అలా అన్నారు. ఓ రోజు ఉండబట్టలేక, "నేను సెప్పేదీ అదే కదే," అన్నాను.

"నువ్వు సెప్పవమ్మా, రాయిస్తావు," అంది. ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే వాళ్ల క్లాసు పక్కనుంచి పోతూ వరండాలో ఆగిపోయాను. కంటి జబ్బుకి ఆదివారాలు అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లేవాళ్లు మీ ఇళ్లలో ఉన్నారా, ఆ నమ్మకం పనిచేసిందా అని ఆవిడ అడుగుతోంది. మా అమ్మాయి లేచింది. ఇంట్లో ఏది అడిగినా ఊఁ అని ఊరుకునే పిల్ల.

"మా నాన్నమ్మకి పనిచేసింది మేడం, బోల్డు ధైర్యమొచ్చింది. ఆ ధైర్యంతోనే శుక్లాల ఆపరేషన్ వాయిదా ఏసుకుంటూ పోయింది. అదీ ఫలితమే కదా?"

"అయితే నిజమా, కాదా?"

"దేనికి పనిచేసిందో ముందు సెప్పుకోవాలి మేడం. మనసుకి నిజం, కంటికి కాదు."

నేను అంతవరకు ఆలోచించలేదమ్మా అని ఆవిడ నవ్వింది. గోడవతల నాకు ఏడుపొచ్చింది. నా కూతురు, నా పాఠం, మా అత్తగారి కన్ను. మధ్యలో ఆవిడెవరు?

సాయంత్రం భోజనాల దగ్గర చెప్పేశాను. "రేపు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి నిన్ను నా సెక్షన్‌కి మార్పిస్తాను."

"వద్దమ్మా."

"వద్దేటే? తల్లి క్లాసులో కూతురెందుకని ఆయనే అక్కడ వేసుంటారు. నేనడిగితే కాదనరు."

అది కంచంలో మెతుకులు కెలికింది.

"ఆయన నీ సెక్షన్‌లోనే ఏశారమ్మా. నేనే ఎళ్లి మార్పించుకున్నాను."

"ఎందుకే?"

"నీ ముందు తప్పు సెప్పాలంటే భయం."