ఎనెలెస్ మోకాళ్ళ మహిమ

కుంటిమనిషి ఒక్కసారి లేచి నడిస్తేనే లోకం తరతరాలు చెప్పుకుంటుంది. మా నమటెతె ఊళ్ళో ఎనెలెస్ మలిసేని మాత్రం ఏటా జూలైలో కుంటిదవుతుంది, ఆ జూలైలోనే అమెరికావాళ్ళ చేతుల కింద స్వస్థత పొంది లేస్తుంది. ఆమె మోకాళ్ళ ఫోటో సముద్రాల అవతల చర్చి గోడలకెక్కింది. దాన్ని చూసి ఒక ముసలి దొర చేతికర్ర పొయ్యిలో పెట్టేశాడట, ఒక గుర్రం కుంటడం మానేసిందట. గుర్రం సంగతికి ఊళ్ళో ఎవరూ పూచీ పడరు గానీ, చేతికర్ర మాత్రం ఖాయం.

ఆ మోకాళ్ళతోనే ఎనెలెస్ మొక్కజొన్న బస్తా నెత్తిన పెట్టుకుని గుట్ట దాటి మిల్లుకి పోతుంది. తోడుగా బయల్దేరిన మేక సగం దారిలో ఆయాసపడి ఇంటికి తిరిగొచ్చేస్తుంది.

అసలు ఈ మహిమ ఎలా మొదలైందంటే, జూలైలో ములాంజె కొండ మీంచి సన్నజల్లు దిగగానే ఆకుపచ్చ చొక్కాల అమెరికా జట్టు ఒకటి బస్సులో దిగుతుంది. వాళ్ళు చేసే పనులు రెండు. ఒకటి, బడిగోడకి నీలంరంగు వేయడం. ఆ గోడమీద ఇప్పటికే ఇటుక కన్నా రంగే మందం. ఇంకొన్నాళ్ళకి లోపల పిల్లలు కూర్చోడానికి చోటుండదు. రెండు, మాకు యేసుప్రభువు ఒకడున్నాడని చెప్పడం. ముత్తాతలు ఇటుకలు మోసి కట్టిన చర్చి మెట్లమీదే నిలబడి, "మీరెప్పుడైనా ఆ పేరు విన్నారా?" అని అడుగుతారు. ఊరంతా ముఖముఖాలు చూసుకుని, "లేదే! ఎవరాయన? చెప్పండి చెప్పండి" అంటుంది. అంత దూరం నుంచి వచ్చిన చుట్టాన్ని చిన్నబుచ్చడం మా ఇంటా వంటా లేదు.

మొదటి ఏడు వాళ్ళకి సంకటీ కోడికూరా వండే పని ఎనెలెస్‌ది. పొయ్యిమీద సంకటి ఉడుకుతుండగా ఒక చేత్తో చెంబూ, ఒక చేత్తో బేసినూ పట్టుకుని బయటికొచ్చింది. మా ఆడవాళ్ళు భోజనానికొచ్చిన వాళ్ళకి నిలబడి నీళ్ళివ్వరు. జట్టు పెద్ద బ్రదర్ క్లేటన్ ముందు, ఆ బురదలోనే మోకాళ్ళమీద కూర్చుంది. పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. బేసిను బరువుకి చేతులు వణుకుతున్నాయి.

క్లేటన్ ఆమెని చూశాడు. ఆకాశాన్ని చూశాడు. గావుకేక పెట్టి తాటికాయంత అరచెయ్యి ఆమె నెత్తిన పెట్టాడు. ఆ వెనకే జట్టంతా వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. ఆ బరువు కింద ఎద్దయినా లేవలేదు. చెంబు దొర్లిపోయింది.

"సంకటి అడుగంటుతోంది, వదలండి నాయనా!" అని మొత్తుకుంది ఎనెలెస్. మా మాటలు వాళ్ళకి ఇంగ్లీషులోకి మార్చి చెప్పే లాక్సన్ ఆ వేళకి బస్సు టైర్లు తన్ని చూసే పనిలో ఉన్నాడు. ఆత్మ ఆవేశించి ఏవో భాషలు పలుకుతోందనుకుని వాళ్ళు ఇంకాస్త నొక్కారు. చివరికి ఆమేన్ అని చేతులు తీశారు. మాడు వాసన ముక్కుకి తగలగానే ఎనెలెస్ ఎగిరి లేచి వంటింట్లోకి ఒక్క పరుగు తీసింది.

ఆకుపచ్చ చొక్కాలు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ పూట మాడు సంకటిని కూడా కళ్ళకద్దుకుని తిన్నారు.

మరుసటి ఏడు జట్టు రెండింతలైంది. ముందుగానే కబురొచ్చింది: స్వస్థత పొందిన తల్లి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి, చర్చికి ఇనపరేకులు వేయిస్తాం. పాస్టరు కచింగ్వే ఆ కబురు పట్టుకుని ఎనెలెస్ గుమ్మంలో వాలాడు.

"అమ్మా ఎనెలెస్, కొంచెం నొప్పిగా ఉండేదని అంటే చాలు."

"ఎక్కడయ్యగారూ నొప్పి?"

"ఎక్కడో ఒకచోట. ఈ వయసులో నొప్పి లేనిదెవరికి?"

"నాకు."

పాస్టరు అటు వెళ్ళగానే అమ్మల సంఘం పెద్ద ఫాలెసి ఇటు వచ్చింది. "చూడు వదినా, అబద్ధ సాక్ష్యం చెప్పావో, సంఘం ఇచ్చిన ఆ తెల్లజాకెట్టు నా చేత్తోనే విప్పేస్తా."

ఎనెలెస్‌కి ఆ జాకెట్టంటే ఒంటిమీది గుడ్డ కాదు. మా దగ్గర సంఘపు మనిషి పోతే తెల్లజాకెట్లన్నీ వరసకట్టి, గుట్ట మారుమోగేలా పాడుతూ సాగనంపుతాయి. ఆమె తల్లి అలాగే వెళ్ళింది. సారా కాచి జాకెట్టు పోగొట్టుకున్న ఆడపడుచు మాత్రం పలుగులు పట్టిన మగాళ్ళ వెనక, పాటా పలుకూ లేకుండా, పాత సామానులా వెళ్ళింది. ఎనెలెస్ ఆ దారిన పోయే మనిషి కాదు. రేకులు లేకపోతే చర్చి కురుస్తుంది, అంతే. పాట లేకపోతే తన చావే కురుస్తుంది.

సాక్ష్యం రోజు వచ్చింది. ఫాలెసికి ఇంగ్లీషు కొంచెం తెలుసు. లాక్సన్ వెనకే నిలబడి, "ఒక్క ముక్క మార్చావంటే నీ చెవి నా చేతిలో ఉంటుంది రా అబ్బాయ్" అంది.

ఎనెలెస్ చెప్పింది: "నేను పుట్టినప్పట్నించీ నడుస్తూనే ఉన్నాను. ఆ రోజూ నడిచే వచ్చాను."

లాక్సన్ చెవి తడుముకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాడు. పాస్టరు కళ్ళు మూసుకున్నాడు, రేకులు ఎగిరిపోతుంటే చూడలేక.

క్లేటన్ కళ్ళు నిండాయి. "చూశారా! దేవుడు ఆమె బాధనే కాదు, బాధపడ్డ జ్ఞాపకాన్ని కూడా తుడిచేశాడు!" జట్టంతా హల్లెలూయ అంది.

ఇక నోటితో పని కాదని తేలిపోయింది. చేసి చూపిస్తేనైనా ఎక్కుతుందేమోనని, ఎనెలెస్ విసవిసా వంటింట్లోకి నడిచి, చెంబూ బేసినూ పట్టుకొచ్చి, క్లేటన్ ముందు నెమ్మదిగా మోకాళ్ళమీద కూర్చుంది. "ఇదిగో, ఇలా కూర్చున్నాను. అంతే."

"అయ్యో, మళ్ళీ పడిపోయింది!" అని అరిచాడు క్లేటన్. మళ్ళీ అరచేతుల వాన.

ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుంది. వెనకనించి ఎవరో కేకేశారు: "అక్కా, అప్పుడే లేవకు, వరండాకి కూడా రేకులొస్తాయి!"

రేకులు వచ్చాయి, వరండాతో సహా. ఆ ఆదివారం సంఘం కూర్చుంది. ఎనెలెస్ జాకెట్టు ఉతికి, మడతపెట్టి, ఒడిలో పెట్టుకుని వచ్చింది. తీసుకుంటే తీసుకోండన్నట్టు. ఫాలెసి ఆ మడత విప్పి ఆమె భుజాన వేసింది. "నోటితో నిజం చెప్పావు, మోకాళ్ళతోనూ నిజం చెప్పావు. వాళ్ళ చెవుల్లో పత్తి ఉంటే మన సంఘం ఏం చేస్తుంది? తొడుక్కో. నువ్వు పోయిననాడు అందరికన్నా గట్టిగా పాడేది నేనే."

"నువ్వు ముందు పోతేనో?"

"అప్పుడు నువ్వు పాడు. గొంతు సవరించుకుని మరీ పాడు."

అప్పట్నించీ ప్రతి జూలైలోనూ ఇదే తంతు. "ఈసారైనా నిలబడి ఇచ్చి చావవే" అని ఇరుగుపొరుగు పోరుతారు. "తిండికొచ్చిన మనిషికి నిలబడి నీళ్ళా? మా అమ్మ గోరీలోంచి లేచొస్తుంది" అంటుంది ఎనెలెస్. అది గనక జరిగితే ఆ జట్టుకి కనీసం ఒక్కటైనా అసలు మహిమ దొరుకుతుందని ఊళ్ళోవాళ్ళ ఆశ.

పోయిన జూలైలో జట్టుతో కొత్తగా వచ్చిన అమ్మాయొకతె, మా మాట నాలుగు ముక్కలు నేర్చుకుని, ఎనెలెస్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. గుర్రం దాకా అన్నీ విని వచ్చింది. ఆ జబ్బుతో ఎంతకాలం బాధపడ్డారమ్మా అని జాలిగా అడిగింది. ఎనెలెస్ సంకటి కలియబెట్టడం ఆపకుండానే చెప్పింది:

"నా కాళ్ళకి ఏ జబ్బూ లేదు. చేతులు కడుక్కుంటారని నీళ్ళు తెచ్చాను. ఇంతవరకూ ఒక్కళ్ళూ కడుక్కోలేదు."