మధ్యదారిలో విప్పేసిన కొమ్మ

ఈమధ్య గేర్ల సైకిళ్ళ మీద కొండలు దిగే కుర్రాళ్ళు కొందరు ఈ పేజీకి వచ్చి, భద్రాచలం అడవి వైపు అలాంటి బాటలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. ఉన్నాయి. నేను వాటి మీద ఎనభైల చివర్లోనే దిగాను, నల్లటి రాడ్ బ్రేకుల సైకిల్ మీద, తలకు తువ్వాలు చుట్టుకుని. అప్పుడు జూలూరుపాడులో మా చిన్నాన్న ఎరువుల కొట్టులో కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అంటున్నాను గానీ కూర్చున్నది తక్కువే. యూరియా బస్తాల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చిన్నాన్న విసుక్కునేవాడు. "ఒరేయ్, నువ్వు ఓ గంట కుదురుగా ఉంటే నాకు బీపీ మాత్ర మిగులుతుందిరా" అనేవాడు. మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి భూములు చౌకని ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఆ స్థిరపడటం అనేది ఇంటిల్లిపాదికీ అబ్బింది, నాకు తప్ప.

ఒకరోజు కొట్టు ముందు టీ తాగడానికి యాకూబ్ అనే లారీ డ్రైవరు ఆగాడు. ములకలపల్లి అవతల గుట్ట మీద వెదురు కొడుతున్నారని, పొద్దున లారీ ఖాళీగా ఎక్కి సాయంత్రం బొంగులతో దిగుతుందని మాటల్లో చెప్పాడు. "ఎక్కేటప్పుడు కావల్సినంత జాగ ఉంటది తమ్మీ. దిగేటప్పుడు చీమకు గూడ జాగ దొరకది" అన్నాడు. దిగడానికి నాకు లారీ ఎందుకు, సైకిల్ ఉంది కదా అన్నాను. నవ్వులాటకే అన్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా కొట్టుకు నెలకు ఒక్క అమావాస్యే సెలవు. వచ్చిన అమావాస్యకే వెళ్ళాను, ఆ తర్వాతి నెలా వెళ్ళాను. ఇప్పుడు చెప్పబోయేది మూడో అమావాస్య సంగతి.

చలికాలం. జూలూరుపాడులో నాలుగూ ముప్పావు బస్సు ఎక్కి, సైకిల్‌ని పైన కట్టించాను. కొత్తగూడెం మీదుగా పాల్వంచకు సైకిల్ లగేజీతో సహా ఆరు రూపాయలయింది. ఆరున్నరకు ఊరి చివర టీ బంకు దగ్గర యాకూబ్ లారీ ఆపాడు. అతనికి ఇవ్వాల్సింది రెండు రూపాయలు, ఒక బీడీ కట్ట. సైకిల్ వెనకాల ఖాళీ బాడీలో పడుకుంది, నేను క్యాబిన్‌లో కూర్చున్నాను. ములకలపల్లి దాటాక తారు అయిపోయింది. అక్కడి నుంచి లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే నాకు ఒళ్ళు కుదురుగా లేదు. గడియారం చూస్తాను, కిటికీ లోంచి తల బయట పెడతాను, మళ్ళీ గడియారం చూస్తాను.

"ఏంది తమ్మీ, గట్ల ఆగమైతవ్? మీద నీ పెండ్లి గిట్ల ఉన్నదా?" అన్నాడు యాకూబ్.

"పైకి ఎప్పుడు చేరతాం అన్నా?"

"చేరుడు నీకు పని గాదు. దిగుడు గదా నీ పని. అది ఆడ్నే ఉంటది, యాడికి పోతది?"

ఎనిమిదిన్నరకు చేరాం. పైన వెదురు కొట్టేవాళ్ళ పాకలు ఏడెనిమిది. వాళ్ళకు వండిపెట్టేది ఎర్రమ్మ అనే కోయ పెద్దావిడ. జొన్న గటక, పచ్చిపులుసు పెట్టేది. వద్దన్నా రెండోసారి వడ్డించేది. ఆమె భర్త ముత్తయ్య పొద్దున్నే కత్తి తీసుకుని బాట పక్కన వెదురు కొట్టడానికి దిగిపోయేవాడు. రెండుసార్లు వెళ్ళినా అతన్ని నేను చూడలేదు.

దిగే దారి గురించి చెప్పాలి. లారీ బాట మెలికలు తిరుగుతూ పదకొండు కిలోమీటర్లు. పాత బండ్లబాట నేరుగా ఏడు. రాళ్ళు, వేర్లు, ఒక పక్కంతా ముళ్ళకంప నిండిన లోయ. అడుగున ఒక వాగు, అది దాటాక మూడు కిలోమీటర్ల చదును దారిలో ఆసుపత్రి ఉన్న ఊరు. ఆ వాలులో రాడ్ బ్రేకు రబ్బర్లు కిలోమీటరు కూడా ఆగవు, కాలి వాసన వస్తాయి. అందుకని అక్కడివాళ్ళు బండి దించినా, సైకిల్ దించినా, వెనక ఒక పచ్చి కొమ్మను తాడుతో కట్టి ఈడుస్తారు. కొమ్మ నేలను పట్టుకుని వేగం ఆపుతుంది. వాగు దగ్గరకు చేరాక విప్పి అక్కడ కుప్పగా వేస్తారు. ఆడవాళ్ళు వాటిని కట్టెలకు తీసుకెళ్తారు.

నా సైకిల్‌కి కొమ్మ కట్టేది ఎర్రమ్మే. కట్టిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. "వాగు కాడనే ఇప్పాలె బాబూ. నడిమిట్ల కొమ్మ పడి ఉంటె తాడు తెగి మనిషి లోయల పడ్డడనుకుంటరు. దేవులాడుతరు." నేను తల ఊపేవాణ్ణి. లోపల మాత్రం ఆ కొమ్మంటే నాకు నామోషీ. గుట్ట దిగడానికి అంత దూరం వెళ్ళి, చీపురుతో ఊడుస్తున్నవాడిలా దుమ్ము లేపుకుంటూ దిగడం ఏమిటనిపించేది.

ఆ రోజు పాకల దగ్గర మలేరియా సారు ఉన్నాడు. ఊరూరా కాలినడకన తిరిగి, జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కను గాజు పలక మీద పూసుకుని వెళ్ళే ఉద్యోగి. ఎర్రమ్మ కూతురు సీతమ్మకు మూడు రోజులుగా వణుకు జ్వరం. ఆరో నెల గర్భిణి. పాక లోపల రెండు దుప్పట్లు కప్పుకుని ఉంది. పళ్ళు టకటకమనడం బయటికి వినిపిస్తోంది. సారు ఆమెకు మాత్రలు మింగించాడు. కానీ ముఖంలో కలవరం కనబడుతోంది.

"ఇది మెదడుకెక్కే రకమైతే ఈ మాత్రలు సరిపోవు. రక్తం చూస్తేనే తెలుస్తది. నేను ఇంకా మూడు గూడేలు తిరగాలె. కిందికి చేరేసరికి ఎల్లుండి అయితది" అన్నాడు నాతో. "నువ్వు సైకిల్ మీద దిగుతున్నవు గదా. మధ్యాహ్నం రెండింటికి ల్యాబు మూస్తరు, ఆలోపల ఆసుపత్రిల ఇయ్యి. ల్యాబు ఆయన ఇయ్యాల్నే చూస్తడు. చెడ్డ రకమని తేలితే జీపు పంపిస్తరు."

"పిల్లనే తోలుకపోతె కాదా సారూ?" అంది ఎర్రమ్మ.

"గీ బాటల కడుపుతోని ఉన్న మనిషిని ఎట్ల దించుతవమ్మా? మనిషి పోవుడెందుకు, రక్తం పోతె సాలు."

పదకొండు గాజు పలకలు. కాగితాల మధ్య పేర్చి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి ఇచ్చాడు. సీతమ్మది ఏడో నంబరు. పెట్టెను క్యారియర్ మీద ట్యూబు ముక్కతో బిగించాను. ఎర్రమ్మ కొమ్మ కట్టింది. పావు తక్కువ పదికి కదిలాను.

మొదటి రెండు కిలోమీటర్లు బుద్ధిగానే దిగాను. కానీ మనసు ఊరుకోదు. రెండు లోపల చేరాలన్నాడు కదా, ఈ కొమ్మతో ఈడ్చుకుంటూ పోతే ఎలా అని ఒక వాదన మొదలుపెట్టింది. నిజానికి టైము కావలసినంత ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు వేగం కావాలి. జబ్బుమనిషి పేరు చెప్పుకుని ఆ వేగం తీసుకున్నాను. సైకిల్ ఆపి, ముడి విప్పి, కొమ్మను బాట మీదే వదిలేశాను.

ఆ తర్వాతి కిలోమీటరున్నర నా జీవితంలో చాలా బాగున్న కొద్ది నిమిషాలు. అబద్ధమెందుకు చెప్పాలి. గాలి చెవుల్లో హోరుమంది, రాళ్ళ మీద సైకిల్ ఎగిరింది, నేను గట్టిగా కేకలు వేశాను. ఒక మలుపులో బ్రేకు నొక్కితే రబ్బరు కాలిన వాసన వచ్చింది తప్ప చక్రం ఆగలేదు. ముందు చక్రం బండరాయికి కొట్టుకుంది. లేచి చూస్తే మోకాలు చీరుకుపోయింది, హ్యాండిల్ ఓ పక్కకు తిరిగింది, ట్యూబు ముక్క తెగి వేలాడుతోంది. పెట్టె పది అడుగుల దూరంలో బోర్లా పడి ఉంది.

తెరిచాను. పదకొండిట్లో మూడు పగిలాయి. ఏడో నంబరు పలక పిండి పిండి అయింది.

అక్కడ పావుగంట కూర్చున్నాను. ఆ పావుగంటలో ఏమనుకున్నానో కూడా రాయాలి. మిగతా ఎనిమిదీ ఇచ్చేసి, మూడు దారిలో పగిలాయంటే సరిపోతుంది అనుకున్నాను. గాజు వస్తువు, కొండదారి, నన్ను ఎవరు తప్పుపడతారు? అలా అనుకుని నాలుగడుగులు కిందికే వేశాను కూడా. పళ్ళు టకటకమన్న ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు. ఛీ అనిపించింది నా మీద నాకే. సైకిల్ తిప్పి పైకి తోయడం మొదలుపెట్టాను. మూడున్నర కిలోమీటర్ల ఎక్కుడు. ఆ వేళప్పుడు పైకి వెళ్ళే లారీ ఏదీ ఉండదు.

కొంత దూరం వచ్చాక లోయలోంచి కంపలు విరుగుతున్న చప్పుడు వినబడింది. తొంగిచూస్తే నడివయసు మనిషి ఒకాయన, భుజాన వెదురు కత్తి, ముళ్ళలో దారి చేసుకుంటూ వంగి వంగి చూస్తున్నాడు. పిక్కల నుంచి రక్తం కారుతోంది. నన్ను చూసి నిలబడిపోయాడు.

"సైకిల్ ఆయన నువ్వేనా?"

"అవును."

"కొమ్మ కనబడ్డది, మనిషి కనబడలె. పడ్డవేమోనని అప్పటిసంది దేవులాడుతున్న." పైకి ఎక్కి వచ్చి నా మోకాలు చూశాడు. "ఎముక గిట్ల ఇరిగిందా?"

"లేదు. తాడు తెగలేదు, కొమ్మ నేనే విప్పాను. పలకలు పగిలాయి. ఎర్రమ్మ కూతురి పలక కూడా."

అతను కత్తికి అంటిన ఆకును తుడిచాడు.

"అది నా బిడ్డనే" అన్నాడు.

తిడతాడని చూశాను. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ముత్తయ్య హ్యాండిల్‌కి అవతలి వైపు చెయ్యి వేసి, "నడువు, పొద్దెక్కుతంది" అన్నాడు. ఇద్దరం కలిసి తోశాం.

పాకల దగ్గరకు చేరేసరికి పన్నెండు కావస్తోంది. మలేరియా సారు అప్పటికే వెళ్ళిపోయాడు, మళ్ళీ రక్తం తీసేవాళ్ళు లేరు. ఎర్రమ్మ నా ముఖం చూడలేదు, మోకాలూ చూడలేదు. ముందు సైకిల్ వెనక చూసింది. "కొమ్మ ఏది?" అని అడిగింది. భార్యాభర్తలిద్దరూ కోయభాషలో నాలుగు మాటలు అనుకున్నారు. ఆమె పాక వెనక్కి వెళ్ళి, పొద్దుటి దానికి రెండింతలున్న మద్ది కొమ్మను ఈడ్చుకొచ్చింది. తనే కట్టింది. ముడి మీద ముడి వేసింది.

బొంగులు నింపుకుని లారీ దిగేది సాయంత్రానికే. రక్తం బదులు మనిషే వెళ్ళాల్సి వచ్చింది. క్యారియర్ మీద గోనెసంచి మడిచి వేసి, సీతమ్మను దుప్పటితో సహా కూర్చోబెట్టాం. నేను హ్యాండిల్ పట్టుకుని నడుస్తున్నాను, ముత్తయ్య ఒక చేత్తో కూతురి వీపు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు, వెనక కొమ్మ నేలను గీసుకుంటూ వస్తోంది. కాసేపటికి దుప్పట్లోంచి సన్నటి గొంతు వినబడింది.

"ఓ అన్నా."

"చెప్పమ్మా."

"నాది ఒక్క సుక్క రక్తం మొయ్యలేకపోతివి. నన్నంత ఎట్ల మోస్తవ్?"

ముత్తయ్య మొదటిసారి నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఏడు కిలోమీటర్లూ రెండున్నర గంటలు నడిచాను. అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ, ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రతి రాయి దగ్గరా ఆగడం, చక్రాన్ని చేత్తో ఎత్తి దించడం, మళ్ళీ కదలడం. లోపల పరుగెత్తాలని ఉంది, కాళ్ళకు మాత్రం పరుగెత్తే వీల్లేదు. వాగు కనబడగానే అలవాటుగా నా చెయ్యి తాడు మీదికి పోయింది. అంతలోనే వెనక్కి తీసుకుని ముత్తయ్య వైపు చూశాను.

"ఇగ ఇప్పు" అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి మూడుంబావు దాటింది. ల్యాబు తలుపు వేసి ఉంది. ల్యాబు ఆయన ఇల్లు పక్కనే. అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. మైక్రోస్కోపులో చూసి, డాక్టర్ని జల్దీ పిలవండని ఆయాతో చెప్పాడు. చెడ్డ రకమే. ఇంకొక్క రోజు ఆగి ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరు ముత్తయ్యతో చెబుతుంటే నేను గోడకు ఆనుకుని విన్నాను. మిగిలిన ఎనిమిది పలకలూ ల్యాబులో ఇచ్చి, ఎల్లుండి వచ్చే సారు కోసం కాగితం మీద పగిలిన మిగతా రెండు నంబర్లూ రాసి, నా తప్పని కూడా రాసి ఇచ్చాను. మరుసటి అమావాస్యకు నేను పైకి వెళ్ళేసరికి సీతమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నా మోకాలి మచ్చను చూసి నవ్వింది.

ఇప్పుడు ఆ గుట్ట మీద వెదురు పని లేదు. పొద్దున ములకలపల్లి నుంచి ట్రాలీ ఆటోలు సైకిళ్ళను ఎక్కిస్తాయి, బేరం ముందే ఆడుకోండి. నా కాళ్ళ దురద ఈ వయసుకీ తగ్గలేదు, అది నాతోనే పోయే జబ్బు. కానీ అప్పటిదాకా నేను పడితే దెబ్బ నాకే అనుకుని తిరిగేవాణ్ణి. నా ముఖం కూడా చూడని మనిషి ఒకడు, తన కూతురు పైన జ్వరంతో వణుకుతుండగా, నా కోసం ముళ్ళలో వెతుకుతాడని నాకు తెలియదు. ఆ మనిషి పిక్కల మీది గీతలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటాయి.

చివరగా పనికొచ్చే మాట ఒక్కటే. మీ సైకిల్‌కి ఎంత మంచి బ్రేకులున్నా, పైన ఎవరైనా పెద్దవాళ్ళు కొమ్మ కడతామంటే కట్టించుకోండి. వాగు దగ్గరే విప్పండి. మధ్యలో వదిలేస్తే మీ కోసం ఎవరో ఒకరు లోయలోకి దిగుతారు.