టార్చిలో సెల్లు

ఎంపీత్రీ ప్లేయర్ వైర్లు చెవులకు పెట్టుకుంటే నాకు అడవి రోడ్డు భయం తెలిసేది కాదు. ఆ సాయంత్రం చర్ల పోయే బస్సుల, పాట సగంలనే సెల్లు అయిపోయింది. ప్లేయర్‌ను ఊరికే నొక్కుతుంటే పక్క సీట్ల తాత అడిగిండు.

"ఏంది బిడ్డా, గట్ల ఆగమైతున్నవ్?"

"సెల్లు అయిపోయింది తాతా. పాటల్లేకుంటే ఈ దారిల భయమైతది."

ఆయన జేబులకెళ్లి పెన్నంత టార్చి తీసి, అందులున్న ఒక్క సన్న సెల్లు నా చేతిల పెట్టిండు. "సరిపోతదేమో చూడు."

సరిపోయింది. పాట వింటూ కండ్లు మూసుకున్న.

బస్సు ఆగితే తెరిచిన. బయట ఒక్క దీపం లేదు. తాత దిగి, చెట్ల నడుమ కాలిబాట పట్టిండు.

"తాతా, సెల్లు!" అని అరిచిన. బస్సు కదిలింది. చెవులల్ల పాట నడుస్తనే ఉంది.

ఇప్పుడు పాటలు, టార్చి రెండూ ఒక్క ఫోన్లనే ఉన్నయ్. ఆయన ఇల్లు చేరిండో లేదో మాత్రం నాకు తెలువది.