పైకి ఎక్కిన బొంగరం

మొన్న ఆదివారం మా అమ్మాయి తన కొడుకుని హైదరాబాదులో సైన్సు మ్యూజియంకు తీసుకుపోయి, అక్కడి నుంచే ఫోను చేసింది. "డాడీ, గా మీదికి ఎక్కే బొంగరం యాదికుందా? దాంట్ల అయస్కాంతం లేదంట. బోర్డు మీద రాసుంది. అప్పుడు మామ చెప్పిందే కరెక్టు." సరేనని ఫోను పెట్టేశాను. అయస్కాంతం లేదని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

అప్పట్లో నేను మెదక్‌లో ఒక బడిలో సైన్సు పంతుల్ని. మా బడి ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా. తాళంచెవి నా జేబులోనే ఉండేది. సామాను పాడవుతుందని తీసేవాణ్ణి కాదు. ఆ ఎండాకాలం సెలవుల్లో మా పిల్లలిద్దరికీ ఆ మ్యూజియం చూపిద్దామని బయలుదేరాం. వ్యాను మా బామ్మర్దిది. రామాయంపేటలో మెకానిక్కు, చదివింది ఏడో తరగతి. పొద్దున్నే బండి కడిగి, తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు గానీ గోళ్ళ సందుల్లో గ్రీసు మాత్రం పోలేదు. నర్సాపూర్ అడవిలో ఆగి పులిహోర తిన్నాం. అక్కడ డాడీ అన్నీ చెప్తాడని పిల్లలు దారి పొడుగునా ఊదరగొడుతుంటే, "నాకు గూడ చెప్పాలె బావా, నేను మొదటిసారి చూస్తున్న" అన్నాడతను.

లోలకం దగ్గరా, వంకర అద్దాల దగ్గరా పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోయాను. తర్వాత ఆ బొంగరం వచ్చింది. రెండు బొంగరాలను తలకు తల అతికించినట్టున్న చెక్క దిమ్మె. ఏటవాలు పట్టాల కింది కొసన పెట్టి వదిలితే దానంతటదే పైకి దొర్లుతోంది. "ఎందుకు డాడీ?" అంది అమ్మాయి. నాకు తెలియదు. తెలియదనడం నోటికి అలవాటు లేదు. "లోపల అయస్కాంతం ఉంటది" అన్నాను.

బామ్మర్ది గొంతుక్కూర్చుని, పట్టాల ఎత్తుకు కళ్ళు దించి చూశాడు. "కాదు బావా. పట్టాలు పోను పోను ఎడమైతున్నయ్. గది మీదికి పోతలేదు, దాని నడుము కిందికే దిగుతుంది. జర కూసొని చూడు."

పిల్లలిద్దరూ కూర్చోబోయారు. నాకు ఒళ్ళు మండింది. "ఏడు చదివినోనివి, నీకేం తెలుస్తది? పో, పోయి బండి చూసుకో." చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. అతను లేచి, ప్యాంటు దులుపుకుని, "సరే బావా" అని వెళ్ళిపోయాడు. పక్కనే బోర్డు మీద ఇంగ్లీషులో అచ్చం అతని మాటే రాసి ఉంది. చదివాను. చదివి, పిల్లల్ని గబగబా పక్క గదిలోకి నడిపించాను. సాయంత్రం దాకా అతను ఎండలో వ్యానులోనే కూర్చున్నాడు.

ఆ తర్వాత కూడా మా ఇంటికి రావడం మానలేదు, పెళ్ళిళ్ళకు బండి పెట్టడం మానలేదు. నన్ను ఏదైనా చెప్పమని అడగడం మాత్రం మానేశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు కాలతాయి.

ఫోను వచ్చిన మర్నాడు బస్సెక్కి రామాయంపేట పోయాను. షెడ్డులో ట్రాక్టరు కింద నుంచి బయటికి వచ్చాడు. "గా దినం నువ్వు చెప్పిందే నిజం. నాకు గప్పుడే తెలుసు. పిల్లల ముందట నిన్ను తక్కువ జేసిన, తప్పయింది" అన్నాను. పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మస్తు బాధైంది బావా" అన్నాడు.

లోపలికి పోయి అటక మీంచి ఒకటి దించాడు. ఆయిలు పోసే గరాటులు రెండు, వెడల్పు మూతులు రెండూ కలిపి వెల్డింగు చేసినవి, తుప్పు పట్టి ఉన్నాయి. మ్యూజియం నుంచి వచ్చిన వారంలోనే చేశాడట. "పిల్లలకు చూపెడ్దామనుకున్న. మల్ల నువ్వేమంటవో అని తేలే."

రెండు ఇనుప చువ్వలు ఇటుకల మీద ఏటవాలుగా, పైకి పోను పోను ఎడమయ్యేలా పేర్చి, కింది కొసన గరాటుల్ని వదిలాడు. "జర కూసొని చూడు బావా." గోడ పట్టుకుని ప్రయత్నించాను. మోకాళ్ళు సగంలోనే మొరాయించాయి. అతను పరుగున స్టూలు తెచ్చి వేశాడు. స్టూలు మీంచి చూస్తే అది పైకి ఎక్కుతున్నట్టే ఉంది. మోకాళ్ళు బాగున్న ఆ ఏళ్ళన్నీ నేను నిలబడే గడిపేశాను.