పౌడరు చల్లిన సైకిల్

గత నవంబరు తొమ్మిది, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు విశాఖ స్టేషను వెయిటింగ్ రూములో ఒకతను నా పక్కన సైకిల్ ఆనించాడు. కొండల మీంచి దూకించే రకం. కంపెనీ దాన్ని చెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. కంచరపాలెంలో ముప్ఫై రెండేళ్లు సైకిల్ షాపు నడిపినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"పద్దెనిమిది కిలోలు. కొండ ఎక్కేటప్పుడు నువ్వే దాన్ని మొయ్యాలి," అన్నాను.

"దిగేటప్పుడు అదే నన్ను మోత్తాది మామ్మా. ఎనిమిదడుగుల మీంచి దూకినా కుదుపుండదు. ఇప్పుడొచ్చే బళ్లకి ఇలాటి షాకులేవీ?"

"విరిగితే దీనికి సామాను దొరకదు కదా."

"దొరకదు. ఇరగదు కూడాను. ఇయ్యాల అరకులో దూకిత్తాను సూడు."

ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఎదురు బెంచీవాళ్లు మా వైపు తిరిగి కూర్చున్నారు. "విరగదు" అన్నాడు గనక మా షాపు పరీక్ష పెట్టాను. ఫ్రేము గొట్టాల అతుకుల మీద నూనె రాసి, పొడిగా తుడిచి, పౌడరు చల్లాలి. చీలిక ఉంటే లోపలికి దిగిన నూనె పైకి ఊరుతుంది. నా సంచిలో కొబ్బరినూనె, పౌడరు రెండూ ఉన్నాయి.

"ఏటి మామ్మా, పెళ్లికూతుర్ని సేసేత్తన్నావా?" అని నవ్వాడు.

ఐదు నిమిషాలకు సీటు కింది అతుకు మీద వెంట్రుకంత తడిగీత తేలింది. దూకినప్పుడు మనిషి బరువంతా పడేది అక్కడే. అతను దాన్ని తుడిచి, మళ్లీ పౌడరు చల్లాడు. గీత మళ్లీ వచ్చింది. అరకు రైలు కదిలినా అతను లేవలేదు.

"అయినా మంచి బండే మామ్మా."

"మంచిదే," అని ఒప్పుకున్నాను.

ఆ రోజు పోయినవి: ఒక ఫ్రేము, ఒక అరకు టికెట్టు, చారెడు పౌడరు.